పెచ్చు కింద ఏముంది: సరీసృపాల చర్మానికి పట్టే బూజు వ్యాధుల లోతుపాతులు

పెంపకంలో ఉన్న బియర్డెడ్ డ్రాగన్ అనే తొండ దవడ పక్కన గోరంత పసుపు మచ్చ కనిపిస్తుంది. కుబుసం సరిగ్గా ఊడలేదేమో అనుకుంటారు. కొన్నాళ్లకు ఆ మచ్చ గోధుమరంగు పెచ్చుగా గట్టిపడుతుంది. గోటితో గీరితే లేచి వస్తుంది, కింద పచ్చి మాంసం తేలుతుంది. ఇంట్లో ఉన్న ఆయింట్‌మెంట్ ఏదో రాస్తారు. పైన ఆరినట్టే ఉంటుంది. చివరికి దవడ వాచి, ఆ తొండ తిండి మానేసిన నాడు పశువైద్యుడి దగ్గరికి పరిగెడతారు. అప్పటికి శిలీంధ్రం చర్మాన్ని దాటి కండలోకి, ఎముకలోకి పాకిపోయి ఉంటుంది.

ఈ వ్యాధి విషయంలో జరిగే పొరపాట్లలో చాలావాటికి మూలం ఒక్కటే. కంటికి కనిపించే పెచ్చునే వ్యాధి అనుకోవడం. పెచ్చు రాలితే రోగం పోయిందనుకుంటాం, పెచ్చు పసుపుగా ఉంటే 'ఎల్లో ఫంగస్' అని పేరు పెట్టేస్తాం. నిజానికి తేల్చుకోవాల్సినవి మూడు: పట్టింది ఏ శిలీంధ్రం, ఎంత లోతుకు దిగింది, దానితో పోరాడటానికి ఆ జంతువుకు చాలినంత వెచ్చదనం అందుతోందా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా మందులు పనిచేయవు.

ఒక్క పేరు కింద దాగిన గుంపు

చాలా ఏళ్లపాటు ఈ రోగాలన్నిటికీ ఒకే ముద్ర వేశారు: సీఏఎన్‌వీ. 'నానిజియాప్సిస్ వ్రీసీ అనే శిలీంధ్రపు క్రైసోస్పోరియం దశ' అన్న పొడవాటి మాటకు అది పొట్టిరూపం. అంతకుముందైతే ల్యాబులు దీన్నే ట్రైకోఫైటాన్ అనో, జియోట్రైకమ్ అనో రాసి పంపిన సందర్భాలున్నాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అవన్నీ ఒకదానికొకటి పోలికగా ఉండటమే ఇందుకు కారణం.

2013లో లిన్ సిగ్లర్, సారా హాంబుల్టన్, జాన్ పారే కలిసి ఈ నమూనాలను డీఎన్‌ఏ ఆధారంగా మళ్లీ పరిశీలించారు. సీఏఎన్‌వీ ఒక జీవి కాదని, కనీసం మూడు ప్రజాతుల కింద విడిపోయే ఒక గుంపు అని తేలింది. మొదటిది నానిజియాప్సిస్. తొండలు, ఇగ్వానాలు, ఊసరవెల్లులు, గెక్కోలు, మొసళ్లు ఎక్కువగా దీని బారిన పడతాయి. పెంపుడు బియర్డెడ్ డ్రాగన్లలో, ఆకుపచ్చ ఇగ్వానాల్లో కనిపించేది ముఖ్యంగా నానిజియాప్సిస్ గ్వారోయ్. ఊసరవెల్లుల్లో, గెక్కోల్లో నానిజియాప్సిస్ డెర్మాటిటిడిస్ బయటపడింది. ఆస్ట్రేలియా ఫారాల్లోని ఉప్పునీటి మొసలి పిల్లల్ని చంపినది నానిజియాప్సిస్ క్రొకొడిలి. రెండో ప్రజాతి పారానానిజియాప్సిస్. నీటిలో బతికే టెంటకిల్డ్ పాములు, ఫైల్ పాములు, న్యూజిలాండ్‌కే ప్రత్యేకమైన, తొండను పోలిన ట్వాటారాలు దీని బాధితులు. మూడోది ఒఫిడియోమైసిస్. ఇందులో తెలిసిన జాతి ఒక్కటే, ఒఫిడియోమైసిస్ ఒఫిడియికోలా. ఇది పాములకే పడుతుంది. అమెరికాలో 'స్నేక్ ఫంగల్ డిసీజ్' అని పేరుపడిన రోగానికి కారణం ఇదే.

పేర్లు మారితే ఏమైంది అనిపించవచ్చు. చికిత్స చేసేవారికి ఈ విభజన చాలా అక్కరకొస్తుంది. ఒఫిడియోమైసిస్ పట్టిన పాము పక్క ట్యాంకులో తొండ ఉంటే, తొండకు అది అంటుకుంటుందన్న భయం అంతగా అక్కర్లేదు. అదే నానిజియాప్సిస్ గ్వారోయ్ అయితే ఆ గదిలోని తొండలన్నిటినీ అనుమానించాల్సిందే. పాత పుస్తకాల్లో, వ్యాసాల్లో 'సీఏఎన్‌వీ' అని కనిపించిన ప్రతిచోటా ఏ జంతువు గురించి రాశారో చూసి, ఈ మూడింటిలో ఏదై ఉంటుందో ఊహించుకుని చదవాలి.

తాబేళ్ల కథ వేరు. మంచినీటి తాబేళ్ల డిప్పను గుంటలు పడేలా తినేసే ఎమిడోమైసిస్ టెస్టావొరాన్స్ అనే శిలీంధ్రాన్ని 2019లో వర్ణించారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, అంతరించే దశకు చేరిన వెస్ట్రన్ పాండ్ తాబేళ్ల డిప్ప పుండ్లలో ఇది కనిపించింది. ఇదీ పైవాటి వర్గానికే, అంటే ఒనైజినేలీస్ క్రమానికే చెందుతుంది. మనుషుల్లో తామర తెచ్చే శిలీంధ్రాలు కూడా ఆ క్రమానివే. వీటన్నిటికీ ఉమ్మడి గుణం ఒకటుంది: కెరటిన్‌ను అరిగించుకోగలవు. గోరు, వెంట్రుక, పొలుసు, అన్నీ వాటికి తిండే.

ఎక్కడి నుంచి వస్తుంది, ఎలా దిగుతుంది

బూజు అనగానే అది ఎక్కడైనా ఉండేదే కదా అంటారు. ఆస్పర్‌జిల్లస్, పెనిసిలియం వంటివాటికి ఆ మాట సరిపోతుంది. వాటిని ఏ ఆరోగ్యకరమైన పాము చర్మం మీదనైనా చూడొచ్చు. సీఏఎన్‌వీ గుంపు అలాంటిది కాదు. 2003లో వెలువడిన ఒక పరిశీలనలో ఆరోగ్యంగా ఉన్న 127 పెంపుడు పాములు, తొండల చర్మ నమూనాలను కల్చర్ చేస్తే, అంటే ల్యాబులో పెంచి చూస్తే, ఈ గుంపు శిలీంధ్రం దొరికింది ఒక్కదానిలోనే. కాబట్టి పుండు నుంచి నానిజియాప్సిస్ పెరిగిందంటే, దారినపోయే బూజు వచ్చి పడిందని కొట్టిపారేయకూడదు. ఎక్కువసార్లు కొత్తగా వచ్చిన జంతువుతోనో, మరొకరి దగ్గర వాడిన సామానుతోనో అది ఇంట్లో అడుగుపెడుతుంది.

ఇది నిజమైన రోగకారకమా, లేక బలహీనపడ్డ జంతువు మీద పెరిగే అవకాశవాదా అన్న వాదన చాలాకాలం నడిచింది. 2006లో వీల్డ్ ఊసరవెల్లుల మీద, 2015లో కార్న్ స్నేక్‌ల మీద ప్రయోగాలు చేశారు. ఆరోగ్యంగా ఉన్న జంతువు చర్మానికి శిలీంధ్రాన్ని అంటిస్తే రోగం వచ్చింది. పుండు నుంచి అదే శిలీంధ్రాన్ని తిరిగి వేరుచేయగలిగారు. గీరుకున్న చర్మంలో అది మరింత సులువుగా వేళ్లూనింది. అంటే రెండు వాదనల్లోనూ నిజముంది. ఇది సొంతంగా రోగం తేగలదు. చిన్న గీత, పేలు కుట్టిన గాటు, హీటర్ కాల్చిన మచ్చ, తడిసి మెత్తబడ్డ పొట్ట పొలుసు తోడైతే దాని పని ఇంకా తేలికవుతుంది.

పెచ్చు మీద ఏం జరుగుతోందో దగ్గరగా చూడాలి. శిలీంధ్రపు తంతువులు పై పొరను చీల్చుకుని బయటికి వచ్చి ముక్కలు ముక్కలుగా విరుగుతాయి. ఒక్కో ముక్క చిన్న పీపా ఆకారంలో ఉండే బీజం. వీటిని ఆర్థ్రోకొనిడియా అంటారు. పెచ్చు పైభాగాన ఇవి కుచ్చులు కుచ్చులుగా పరుచుకుని ఉంటాయి. ఆ పెచ్చును గోటితో గీరిన చెయ్యి, దాన్ని తాకిన పట్టకారు, అది రాలిన ఇసుక, అన్నీ బీజాలు మోస్తాయి. కింద సంగతి దీనికి పూర్తిగా వేరు. తంతువులు చర్మం లోపలి పొరకు దిగి, అక్కడి నుంచి కండరంలోకి పోతాయి. శరీరం వాటి చుట్టూ గోడ కడుతుంది. ఆ గడ్డలనే గ్రాన్యులోమాలు అంటారు.

ఇక్కడ సరీసృపాలకే ఉన్న ఒక ఇబ్బంది ఉంది. మన చీము పలచగా ఉంటుంది, గడ్డను కోస్తే కారిపోతుంది. సరీసృపాల తెల్లకణాల్లో చీమును కరిగించే ఎంజైములు తక్కువ కావడంతో, వాటి చీము గట్టిపడి జున్ను ముక్కలా తయారవుతుంది. దాన్ని పిండి తీయలేం, మందు దానిలోకి ఇంకదు. శస్త్రచికిత్సతో తవ్వి తీయాల్సిందే. పైన క్రీము రాస్తే చాలదనడానికి ముఖ్యమైన కారణం ఇదే.

కుబుసం ఒక ఆయుధం

పాములు, తొండలు పాత చర్మం కింద కొత్త పొరను తయారుచేసుకుని, రెండింటి మధ్యా ద్రవం చేరాక పాతదాన్ని వదిలేస్తాయి. రోగం పై పొరలోనే ఉంటే కుబుసంతో పాటు శిలీంధ్రం కూడా ఊడిపోతుంది. అందుకే రోగం పట్టిన పాములు తరచుగా కుబుసం విడుస్తాయి. 2015 ప్రయోగంలోని కార్న్ స్నేక్‌లు అదే చేశాయి. వాటితో పాటు తిండి తగ్గించాయి, దాక్కునే చోటు వదిలి బయట పడుకోవడం మొదలుపెట్టాయి. పాములు పెంచేవారు ఈ మూడింటినీ కలిపి గుర్తుంచుకోవాలి. మామూలు కన్నా త్వరగా కుబుసం విడుస్తూ, మేత వద్దంటూ, పట్టపగలు బాహాటంగా పడుకున్న పాముకు చర్మమంతా వెతికి చూడాలి.

తంతువులు కొత్త పొర దాకా దిగిపోతే ఈ ఆయుధం పనిచేయదు. పుండు దగ్గర పాత చర్మం అతుక్కుపోయి ముక్కలుగా చిరుగుతుంది. విడిచిన కుబుసాన్ని పారేయకుండా వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, రోగం ఉన్నచోట మందంగా, పసుపుగా, చిల్లులు పడి కనిపిస్తుంది. దాన్ని పొడి కాగితపు కవరులో పెట్టి వైద్యుడికి ఇవ్వొచ్చు. ప్లాస్టిక్ సంచిలో పెడితే తేమకు ఇతర బూజులు మొలిచి అసలుదాన్ని కప్పేస్తాయి.

వెచ్చదనం లెక్క

సరీసృపాల ఒంటి వేడి పరిసరాల నుంచే వస్తుంది. రోగనిరోధక కణాల వేగం, గాయం మానే వేగం, మందు రక్తంలో కలిసే వేగం, అన్నీ ఆ వేడి మీదే ఆధారపడి ఉంటాయి. మందు మోతాదు పక్కాగా ఉండి, ట్యాంకు చల్లగా ఉంటే చికిత్స సగంలోనే ఆగినట్టు.

ఒఫిడియోమైసిస్‌కు 25 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల హాయి. 35కు చేరేసరికి దాని పెరుగుదల కుంటుపడుతుంది. నేల బొరియల్లో చలికాలం గడిపే పాముకు ఒంటి వేడి పడిపోతుంది. శిలీంధ్రం మెల్లగానే అయినా పెరుగుతూ ఉంటుంది, పాము రక్షణ వ్యవస్థ మాత్రం దాదాపు నిద్రలో ఉంటుంది. ఈ వ్యవధే పాముకు ప్రాణాంతకం. నానిజియాప్సిస్ మాత్రం 30 డిగ్రీల వద్ద హాయిగా పెరుగుతుంది. అందువల్ల ట్యాంకు వేడెక్కిస్తే శిలీంధ్రం చస్తుందని అనుకోవద్దు. వేడి చేసే మేలంతా జంతువుకే.

బియర్డెడ్ డ్రాగన్‌కు ఎండ కాచుకునే రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీలు, చల్లటి మూల 24 నుంచి 27 డిగ్రీలు, గాలిలో తేమ 30 నుంచి 40 శాతం ఉండాలి. కొలత తీసుకోవాల్సింది ట్యాంకు గోడకు అంటించిన గుండ్రటి డయల్ మీద కాదు. జంతువు పొట్ట ఆనించే రాయి మీదే తీసుకోవాలి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో. గోడ మీది డయల్ 32 చూపిస్తుంటే రాయి 29 దగ్గరో 50 దగ్గరో ఉండటం అరుదేమీ కాదు. 50 అయితే పొట్ట కాలుతుంది, ఆ కాలిన మచ్చే తర్వాత బూజుకు గుమ్మం అవుతుంది. రోగం వచ్చింది కదా అని ట్యాంకు మొత్తాన్ని వేడి చేసేయడం కూడా తప్పే. చల్లటి మూల లేకపోతే జంతువు ఒంటి వేడిని సరిచేసుకోలేక నీరసిస్తుంది.

తేమ విషయంలో జాతిని బట్టి లెక్క మారుతుంది. ఎడారి తొండను తడి కొబ్బరిపీచు మీద ఉంచితే పొట్ట చర్మం మెత్తబడుతుంది. అడవి జాతి పామును ఎండబెడితే కుబుసం అతుక్కుపోయి చర్మం పగులుతుంది. రెండు దారులూ బూజు దగ్గరికే తీసుకెళతాయి. చికిత్స సాగినన్నాళ్లూ అడుగున ఇసుక, పీచు, చెక్కపొట్టు తీసేసి తెల్ల టిష్యూ పేపరో పాత వార్తాపత్రికో పరిచి రోజూ మార్చడం ఉత్తమం. తెల్ల కాగితం మీద రాలిన పెచ్చు, రక్తపు చుక్క వెంటనే కనిపిస్తాయి కూడా.

చూసి మోసపోయేవి

బియర్డెడ్ డ్రాగన్లలో పసుపు లేదా గోధుమ రంగు పెచ్చులు ముఖం మీద, కాళ్ల మీద, పొట్ట కింద, మలద్వారం చుట్టూ వస్తాయి. పాముల్లో పొట్ట పొలుసుల అంచులు మందమై పైకి లేస్తాయి, ముక్కు చివర పెచ్చు కడుతుంది, ముఖం ఒకవైపు ఉబ్బుతుంది, కుబుసం సమయం కాకపోయినా కన్ను మసకబారుతుంది, చర్మం కింద గట్టి ముడులు చేతికి తగులుతాయి.

ఈ లక్షణాల్లో ప్రతిదానికీ వేరే కారణాలూ ఉన్నాయి. తడి అడుగు మీద ఉన్న పాముల పొట్ట మీద వచ్చే నీటిబొబ్బలు చాలావరకు బ్యాక్టీరియావి. హీట్ రాక్ (కరెంటుతో వేడెక్కే రాయి) కాల్చిన మచ్చ కూడా పెచ్చు కడుతుంది. ఊసరవెల్లుల్లో విటమిన్ ఏ లోపం వల్ల చర్మం దెబ్బతిని కుబుసం సరిగా ఊడదు. కుబుసానికి ముందు బియర్డెడ్ డ్రాగన్ చర్మం పసుపు, తెలుపు రంగులకు మారడం మామూలే. ఒక గుర్తు పట్టుకోవచ్చు: కుబుసానికి ముందు వచ్చే రంగు మార్పు ఒంటికి రెండువైపులా ఒకేలా ఉంటుంది, అంచులు గట్టిపడవు, కుబుసం ఊడాక పోతుంది. శిలీంధ్రం పట్టిన మచ్చ ఒకవైపు మొదలై, అంచు దాటి పెరుగుతూ, కుబుసం ఊడాక కూడా అక్కడే ఉంటుంది. ఇంటి దగ్గర చేయగలిగిన వడపోత ఇంతే. దాని ఆధారంగా మందు మొదలుపెట్టకూడదు.

నమూనా తీయడంలోనే సగం నిర్ధారణ

పుండును శుభ్రంగా కడిగి వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన ఇక్కడ బెడిసికొడుతుంది. ఆ పెచ్చులోనే ఆర్థ్రోకొనిడియా ఉంటాయి. అయోడిన్ పూసిన పుండు నుంచి తీసిన కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు. ఏమీ రాయకుండా, గీరకుండా తీసుకెళ్లాలి.

సరైన నమూనా అంటే బయాప్సీ. పుండు నడిబొడ్డున చచ్చిన కణజాలమే ఉంటుంది కాబట్టి, రోగం ఉన్న చర్మం, బాగున్న చర్మం కలిసే అంచున పెచ్చుతో సహా ముక్క తీయాలి. దాన్ని రెండు చేయాలి. ఒక సగం 10 శాతం ఫార్మలిన్‌లో వేసి హిస్టోపాథాలజీకి (కణజాలాన్ని సూక్ష్మదర్శినిలో చూసే పరీక్షకు) పంపాలి. రెండో సగాన్ని ఫార్మలిన్ తగలకుండా స్టెరైల్ డబ్బాలో పెట్టి కల్చర్‌కు, పీసీఆర్‌కు (డీఎన్‌ఏను గుర్తించే పరీక్షకు) పంపాలి. మొత్తం ముక్కను ఫార్మలిన్‌లో వేసేస్తే శిలీంధ్రం చచ్చిపోతుంది, డీఎన్‌ఏ దెబ్బతింటుంది. తంతువులు ఉన్నాయని తెలుస్తుందే తప్ప అవి ఏ జాతివో తెలుసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది.

ల్యాబుకు పంపే చీటీ మీద మూడు మాటలు తప్పక రాయాలి: జంతువు సరీసృపం అని, ఒనైజినేలీస్ శిలీంధ్రం అనుమానం అని, కల్చర్‌ను 30 డిగ్రీల దగ్గర కొన్ని వారాలపాటు ఉంచాలని. మనుషుల నమూనాలు చూసే ల్యాబులు అలవాటుగా 37 డిగ్రీల దగ్గర పెడతాయి. ఈ శిలీంధ్రాల్లో కొన్ని ఆ వేడికి పెరగవు. వారానికే పళ్లేన్ని పారేస్తే నెమ్మదిగా పెరిగే అసలు నేరస్థుడు బయటపడడు, వేగంగా పెరిగే ఆస్పర్‌జిల్లస్ పేరు రిపోర్టులోకి ఎక్కుతుంది. సైక్లోహెక్సిమైడ్ కలిపిన మాధ్యమం వాడితే ఇలాంటి వేగపు బూజులు అణిగి, నానిజియాప్సిస్ వంటివి బయటపడతాయి.

పాముల్లో దూదిపుల్లతో పీసీఆర్ నమూనా తీయడం సులువు. ఒక్క పుల్లతో సరిపెట్టకూడదు. పుండు మీద ఒకటి, ఒంటి పొడవునా మరొకటి, వీలైతే ఇంకా ఎక్కువ తీయాలి. ఒక్క నెగెటివ్ ఫలితంతో రోగం లేదని తేల్చేయలేం. దీనికి ఎదురు జాగ్రత్త కూడా అవసరం. పుండు లేని పాముకు పీసీఆర్ పాజిటివ్ వస్తే శిలీంధ్రం చర్మం మీద ఉందని మాత్రమే అర్థం. పుండుంది, పీసీఆర్ కూడా పాజిటివ్ అయితే రోగమని బలంగా అనుమానించొచ్చు. కణజాలంలోకి తంతువులు దిగాయని హిస్టోపాథాలజీలో కనిపిస్తేనే రోగం ఖాయం.

మందులు: ఏది, ఎంత, ఎన్నాళ్లు

2010లో వెలువడిన ఒక అధ్యయనం ఈ రంగంలో చాలామంది అలవాట్లు మార్చింది. ఒకే యజమాని దగ్గరి 14 బియర్డెడ్ డ్రాగన్లను రెండు గుంపులు చేశారు. ఏడింటికి కిలో బరువుకు 5 మి.గ్రా. చొప్పున ఇట్రాకొనజోల్, మిగతా ఏడింటికి 10 మి.గ్రా. చొప్పున వోరికొనజోల్ రోజుకోసారి నోటి ద్వారా ఇచ్చారు. శిలీంధ్రం పూర్తిగా పోవడానికి ఇట్రాకొనజోల్‌తో సగటున 27 రోజులు, వోరికొనజోల్‌తో 47 రోజులు పట్టింది. వేగం చూస్తే ఇట్రాకొనజోల్ గెలిచినట్టే. కానీ ఇట్రాకొనజోల్ ఇచ్చిన ఏడింటిలో బతికినవి రెండే. వోరికొనజోల్ గుంపులో చనిపోయింది ఒక్కటే. చిన్న అధ్యయనమే అయినా తేడా అంత స్పష్టంగా ఉండటంతో, బియర్డెడ్ డ్రాగన్లకు మొదటి ఎంపికగా వోరికొనజోల్ నిలబడింది.

ఈ మోతాదును అలాగే పాములకు ఎక్కించకూడదు. కాటన్‌మౌత్ పాములకు వోరికొనజోల్ ఇంజెక్షన్ ఇచ్చిన ఒక పరిశోధనలో కొన్ని పాములు చనిపోయాయి. పాముల్లో టెర్బినాఫిన్‌ను ఆవిరి రూపంలో ఇవ్వడం మేలైన దారిగా కనిపిస్తోంది. మిల్లీలీటరుకు 2 మి.గ్రా. ద్రావణాన్ని నెబ్యులైజర్‌తో 30 నిమిషాలు పట్టిస్తే రక్తంలో చాలినంత మందు చేరుతున్నట్టు కాటన్‌మౌత్‌ల మీదే చూశారు. చర్మం కింద అమర్చే టెర్బినాఫిన్ ఇంప్లాంట్‌ను కూడా పరీక్షించారు. ఒక జాతిలో పనిచేసిన మోతాదు మరో జాతిని చంపవచ్చు. అందుకే ఇవి వైద్యుడితో చర్చించడానికి ఆధారాలే తప్ప, ఇంట్లో సొంతంగా మొదలుపెట్టే చికిత్సలు కావు.

చిన్న జంతువుకు మందు కొలవడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. 350 గ్రాముల బియర్డెడ్ డ్రాగన్‌ను తీసుకుందాం. కిలోకు 10 మి.గ్రా. లెక్కన దానికి రోజుకు 3.5 మి.గ్రా. కావాలి. మనుషులకు అమ్మే వోరికొనజోల్ ద్రావణంలో మిల్లీలీటరుకు 40 మి.గ్రా. ఉంటుంది. అంటే కావాల్సింది 0.09 మి.లీ. కన్నా తక్కువ. 1 మి.లీ. సిరంజిలో ఒక చిన్న గీత (0.01 మి.లీ.) తేడా వచ్చినా మోతాదు పదో వంతుకు పైగా మారిపోతుంది. అదే మందును ఫార్మసీలో మిల్లీలీటరుకు 10 మి.గ్రా. ఉండేలా పలచన చేయించుకుంటే 0.35 మి.లీ. ఇస్తే సరిపోతుంది, 1 మి.లీ. సిరంజితో నికరంగా కొలవొచ్చు. ప్రతిసారీ సీసాను బాగా కుదపాలి, లేకపోతే మందు అడుగున పేరుకుని మొదటి రోజుల్లో తక్కువగా, చివరి రోజుల్లో ఎక్కువగా పడుతుంది. వారానికోసారి గ్రాముల తూకం మీద బరువు చూసి మోతాదు సరిచేయాలి. బరువు పదో వంతు తగ్గితే ఆగకుండా వైద్యుడికి చెప్పాలి. ఈ మందులు కాలేయం మీద భారం వేస్తాయి కాబట్టి మధ్యలో రక్తపరీక్ష అవసరం.

పైపూత మందు తోడుగానే పనికొస్తుంది. మత్తు ఇచ్చి చచ్చిన కణజాలాన్ని, జున్నులాంటి గడ్డలను తొలగించాక టెర్బినాఫిన్ లేదా క్లోట్రిమజోల్ క్రీము పలచగా రాయొచ్చు. ఇంట్లో కూర్చుని పెచ్చులు పీకడం వల్ల నొప్పి, రక్తస్రావం, బీజాలు చెదరడం తప్ప లాభం లేదు. చర్మం మెత్తబడాలని ఎడారి తొండను రోజూ గంటసేపు నీళ్లలో నానబెట్టడం మంచికి చేసే చెడు. యాంటీబయాటిక్ కూడా, బ్యాక్టీరియా తోడైనట్టు కల్చర్‌లో తేలినప్పుడే వాడాలి.

ఆపేది ఎప్పుడు? పెచ్చు పోగానే కాదు. కొత్త చర్మం వచ్చి, కనీసం ఒక కుబుసం శుభ్రంగా ఊడి, కొన్ని వారాల తేడాతో తీసిన రెండు నమూనాలు నెగెటివ్ వచ్చాకే ఆపాలి. చాలామంది చికిత్స ఓడిపోయేది ఈ చివరి మలుపులోనే. మందు ఖరీదైనది, రోజూ నోరు తెరిపించి పట్టించడం కష్టం, తొండ హుషారుగా తింటోంది. ఇంక చాలనిపిస్తుంది. రెండు నెలల తర్వాత అదే దవడ మీద అదే మచ్చ మళ్లీ లేస్తుంది.

మనుషులకు అంటుకుంటుందా అన్న భయానికి సూటిగా జవాబు ఉంది. మనుషుల నుంచి వేరుచేసిన నానిజియాప్సిస్‌లు 2013 విభజనలో వేరే జాతులుగా తేలాయి, అవి సరీసృపాల్లో రోగం తెచ్చేవి కావు. అయినా రోగనిరోధక శక్తి బాగా తగ్గిన మనుషులు ఈ పుండ్లను ముట్టుకోకపోవడం మంచిది. మిగతావారూ గ్లౌజులు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సరీసృపాల ఒంటి మీద సాల్మొనెల్లా ఎప్పుడూ ఉండొచ్చు కాబట్టి ఆ అలవాటు ఎలాగూ కావాలి.

శుభ్రం చేసే పద్ధతి

క్రిమిసంహారకాల్లో అన్నీ ఒకటి కావు. ఒఫిడియోమైసిస్ మీద చేసిన పరీక్షల్లో 3 శాతం, 10 శాతం బ్లీచ్ ద్రావణాలు, 70 శాతం ఆల్కహాల్ బాగా పనిచేశాయి. పశువైద్యశాలల్లో విరివిగా వాడే క్లోర్‌హెక్సిడిన్‌ను మాత్రం ఈ శిలీంధ్రం విషయంలో నమ్ముకోలేం. ఇంట్లో వాడే బ్లీచ్ ఒక పాలుకు నీళ్లు తొమ్మిది పాళ్లు కలిపితే 10 శాతం ద్రావణం. ముందు సబ్బునీళ్లతో రుద్ది మలం, మట్టి, పెచ్చులు పూర్తిగా పోగొట్టాలి. మురికి మీద పోసిన బ్లీచ్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది. ఆ తర్వాత ద్రావణం పోసి పది నిమిషాలు తడిగా ఉంచి, బాగా కడిగి, వాసన పోయేదాకా ఆరనివ్వాలి. చెక్క కొమ్మలు, బెరడు, చిల్లులున్న రాళ్లు ఇలా శుద్ధి కావు, పారేయడమే మేలు.

కొత్తగా వచ్చిన జంతువును వేరే గదిలో 60 నుంచి 90 రోజులు ఉంచాలి. ఒక్క నెల సరిపోదు, ఎందుకంటే ఒక కుబుసమైనా కళ్లముందు ఊడాలి. పాత జంతువుల పని ముగించాకే దీని దగ్గరికి వెళ్లాలి. పట్టకారు, నీళ్లగిన్నె, గ్లౌజులు దీనికంటూ వేరుగా ఉండాలి.

అడవిలో మందు లేదు

అడవి పాములకు వోరికొనజోల్ పట్టించలేం. అక్కడ చేయగలిగిందల్లా వ్యాప్తిని అడ్డుకోవడం, ఆవాసాన్ని కాపాడటం.

అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో విడిగా మిగిలిన ఒక టింబర్ రాటిల్‌స్నేక్ గుంపు 2006 తర్వాత బాగా క్షీణించింది. వాటి చర్మం మీద పుండ్లు కనిపించాయి. దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలగడం, ఆ ఏడు కురిసిన అసాధారణ వానలు కూడా తోడయ్యాయని పరిశోధకులు భావించారు. 2008లో ఇల్లినాయిస్‌లో ముఖం ఉబ్బిన మాసాసాగా రాటిల్‌స్నేక్‌లు చనిపోయాయి. తర్వాతి ఏళ్లలో దేశం తూర్పు సగంలో చాలా రాష్ట్రాల్లో ఈ శిలీంధ్రం బయటపడింది. 2017లో బ్రిటన్, చెక్ రిపబ్లిక్ అడవి పాముల్లోనూ ఉందని తేలింది. యూరప్ రకం అమెరికా రకం కన్నా నెమ్మదిగా పెరుగుతుంది.

ఇది కొత్తగా వచ్చి పడిన రోగమా, పాతదే ఇప్పుడు కళ్లబడిందా అన్న ప్రశ్న అంత తేలిగ్గా విడిపోదు. మ్యూజియంలలో దాచిన పాములను తిరిగి పరిశీలిస్తే 1945 నాటి అమెరికా పాములోనే రోగం ఆనవాళ్లు దొరికాయి. మరోపక్క 2022లో వచ్చిన జన్యు అధ్యయనం, అమెరికాలోని రకాలు ఇటీవలి కాలంలో ఒకటికి మించిన సార్లు బయటి నుంచి వచ్చి చేరాయని సూచించింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కావు. కొన్ని దశాబ్దాల క్రితమే వచ్చి, అక్కడక్కడా పాకి, ఆవాసాలు కుదించుకుపోయి వాతావరణం మారిన చోట విరుచుకుపడిందనుకుంటే రెండూ సరిపోతాయి. పాముల వ్యాపారం ఇందులో ఒక దారి అయి ఉండటానికి బలమైన ఆస్కారముంది.

అడవిలో రోగం కాలాన్ని బట్టి ఊగుతుంది. ఫ్లోరిడాలోని పిగ్మీ రాటిల్‌స్నేక్‌లలో చలికాలంలో ముదిరి, ఎండలు ముదిరాక తగ్గుతుంది. అందుకే ఎండాకాలంలో మాత్రమే సర్వే చేసి 'రోగం తక్కువే' అని రాసుకుంటే లెక్క తప్పుతుంది. చలిబొరియ వదిలి పాములు బయటికి వచ్చే రోజుల్లో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎండ కాచుకోవడానికి అవి ఎక్కువసేపు బయట గడపడంతో వేటాడే జంతువుల కళ్ల పడతాయి, చలి దెబ్బ తింటాయి. కొన్ని పాములు రోగంతో నేరుగా కాకుండా ఇలా పోతాయి.

తొండల విషయంలో ఆస్ట్రేలియా అనుభవం ఆందోళనకరం. బ్రిస్బేన్ నగరపు పార్కుల్లో స్వేచ్ఛగా తిరిగే ఈస్టర్న్ వాటర్ డ్రాగన్‌లలో 2013 నుంచి నానిజియాప్సిస్ బార్బటే వల్ల పుండ్లు కనిపిస్తున్నాయి. ఆ తర్వాత ఖండం అవతలి అంచున, ఇతర జాతుల అడవి తొండల్లో కూడా అదే శిలీంధ్రం దొరికింది. అప్పటిదాకా ఈ ప్రజాతి పెంపుడు జంతువుల సమస్య అనుకునేవారు. న్యూజిలాండ్‌లోని ఒక జంతు సంగ్రహంలో అయిదు ట్వాటారాలకు, ఒక కోస్టల్ బియర్డెడ్ డ్రాగన్‌కు పారానానిజియాప్సిస్ సోకింది. ప్రపంచంలో మరెక్కడా దగ్గరి బంధువులు లేని జీవి ట్వాటారా. దాన్ని దీవుల మధ్య తరలించే ప్రతిసారీ చర్మ పరీక్ష చేయడం ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థమవుతుంది.

క్షేత్రంలో పాములను పట్టి కొలిచేవారు ఒక పాముకు వాడిన గ్లౌజులను మరో పాముకు వాడకూడదు. సంచులు ఒక్కో పాముకు వేరుగా ఉండి, ఉతికి ఎండాకే మళ్లీ వాడాలి. కొక్కెం, పామును దూర్చే పారదర్శక గొట్టం, కొలత టేపు పాము పాముకూ మధ్య తుడిచి 70 శాతం ఆల్కహాల్‌తో తడపాలి. ఒక బొరియల గుట్ట నుంచి మరో గుట్టకు పోయేటప్పుడు బూట్ల మట్టిని బ్రష్‌తో పూర్తిగా రాల్చి, ఆ తర్వాతే బ్లీచ్ ద్రావణంలో ముంచాలి. పెంపకంలో ఉన్న జంతువును, అది ఆ ప్రాంతపు జాతే అయినా, ఎంత ఆరోగ్యంగా కనిపించినా, పరీక్ష లేకుండా అడవిలో వదలకూడదు. గాయపడి దొరికిన అడవి పామును కోలుకున్నాక దొరికిన చోటే వదలాలి. ఆశ్రయ కేంద్రంలో ఉన్నన్నాళ్లూ దాన్ని పెంపుడు పాములున్న గదిలోకి తేకూడదు.